జీతము పుచ్చుకొనని పటాలము
(ఒక గ్రంథాలయ సభ యందు గావించిన యుపన్యాసము)



యుద్ధకథ యనగానే మనకు కురుక్షేత్రమో, పలనాడో, బొబ్బిలియో స్ఫురించును. పలనాటి పోరు దాయాదుల పోరు. నేడు నేను విన్నవింపబోవునదియు దాయాదుల పోరులోని యొక యధ్యాయమే. అయితే ఇందలి వీరులను ఆ దాయాదులలో నే పక్షమువారును తమ యింటివారిగా నెంచియుండలేదు. ఒక పక్షము వారిని పశువులవలె కొని యమ్ముచుండెను. రెండవ పక్షము వారి ప్రాణముల నడిగి, జీతమువద్దకు వచ్చునప్పటికి చేయి ముడుచుకొనెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు ఉత్తర దక్షిణ రాష్ట్రములకు జరిగిన అంతర్యుద్ధమును గూర్చి మీలో పలువురు చదివియే యుందురు. అది మనకు బొత్తిగా సంబంధము లేనిది గాదు. దక్షిణపు రేవులను ఉత్తరపు నౌకాదళము మూసివేయగా లాంకషైరు మిల్లులకు ప్రత్తి కఱవు వచ్చెను. అందువలన మన గుంటూరు సీమ ప్రత్తికి గిరాకి హెచ్చెను. కాకినాడ రేవు దానివలననే వృద్ధిపొందెను. ఆ గిరాకికి మూలమైన రణరంగమున నేమి జరుగుచుండెనో ఆనాటి మన రైతున కెవరు చెప్పగలరు? అందొక పటాలముయొక్క చరిత్ర నెత్తుకొందును. దాని పేరు 54వ మసాచుసెట్సు స్వచ్ఛంద పదాతి పటాలము.

యుద్ధ మారంభమైనప్పుడు ఉత్తరపు ప్రభుత్వము నల్లవారిని సైన్యమున చేర్చుకొన నిరాకరించెను. ఇది తెల్లవారి యుద్ధమనియు, బానిసత్వముతో నిమిత్తము లేదనియు, దేశసమైక్యమే తమ లక్ష్యమనియు వాషింగ్టనులోని పెద్దలు చెప్పుచుండిరి. రెండేండ్లు గడచి, వేలకొలది జనము నేలగూలిన పిమ్మటగాని వారి కన్నులు తెఱవబడలేదు. 1863 జనవరి 1వ తేదీన అధ్యక్షుడు అబ్రహాము లింకను విమోచన ప్రకటనము గావించెను. తిరుగుబాటు ప్రాంతములలోని బానిసలు స్వతంత్రులని చెప్పుటయే గాక, నల్లవారిని సైనికసేవకు స్వీకరింతుమనియు నందు చెప్పబడెను. ఆ నెల 26వ తేదీనే మసాచుసెట్సు గవర్నరు జాన్ ఆండ్రూ యుద్ధమంత్రి స్టాంటనువద్ద అనుజ్ఞ సంపాదించి పటాలమును కూర్ప నారంభించెను. అంతకు ముందే లూసియానా, దక్షిణ కరొలైనా మొదలగు తావుల నల్లవారి దళములు లేకపోలేదు. కాని ఉత్తరదేశమున రాజమార్గముగా, బహిరంగముగా నేర్పడిన వానిలో నిది యగ్రస్థానము వహించినది.

మసాచుసెట్సులో నల్లజాతి జనము స్వల్పము. అందుచే నలుదిక్కులకు మనుష్యులను పంపి న్యూయార్కు, పెన్సిల్వేనియా, ఒహాయో రాష్ట్రములనుండియు, కెనడానుండియు కూడ యువకులను రప్పించిరి. బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి మహావక్తయై, పత్రికాధిపతియై వెలసిన ఫ్రెడరిక్ డగ్లసు ఊరూర తిరిగి ప్రబోధించెను. పరుల బిడ్డలను పిలిచి తన బిడ్డల నింట దాచుకొన్నవాడు కాడాయన. లూయీ, చార్లెసు అను తన యిరువురు కుమారులను ఈ పటాలములోనే చేర్చెను. 1989లో వచ్చిన గ్లోరీ యను చలనచిత్రమును జూచినవారికి ఈ సైనికులలో పెక్కురు నిన్నటి బానిసలని తోచును. అది సరిగాదు. వీరిలో నధికసంఖ్యాకులు స్వతంత్రులుగా పుట్టినవారు. వ్యవసాయదారులు, నావికులు, మంగలులు, కూలివారు. చదువను వ్రాయను నేర్చినవారును పలువురు గలరు. ఈ సంగతి మీరు గుర్తుంచుకొనవలెను. జీతపు వివాదము నర్థముచేసికొనుటకు ఇదియే తాళపుచెవి.

అధికారులు మాత్రము తెల్లవారే. అట్లుండవలెనని ప్రభుత్వ నియమము. కర్నలుగా నియుక్తుడైన రాబర్టు గూల్డ్ షా యిరువదియైదేండ్ల వాడు. బోస్టను నగరపు ధనికకుటుంబమున పుట్టినవాడు. తలిదండ్రులు బానిసత్వ నిర్మూలనవాదులు. మొదట అతడీ పదవి నొల్లననెను; పిదప మనసు మార్చుకొని యంగీకరించెను. 1863 మే 28వ తేదీన వేయిమందికి పైగా నల్లసైనికులు బోస్టను వీథులలో కవాతుచేసి యోడ నెక్కిరి. కొన్నియేండ్లకు పూర్వము అదే నగరమునుండి పాఱిపోయి వచ్చిన బానిసలను సంకెళ్ళతో ఓడ యెక్కించి యజమానుల కప్పగించి యుండిరి. ఇప్పుడదే జాతివారు తుపాకులతో ఓడ యెక్కుచుండిరి.

వీరి కెదురైన యపాయము తక్కిన సైనికుల కెదురైన దానివంటిది గాదు. పట్టుబడిన నల్లసైనికుని యుద్ధఖైదీగా నెంచక రాష్ట్రప్రభుత్వముల కప్పగింతుమనియు, వారిని నడిపిన తెల్లయధికారికి మరణశిక్షయైన విధింపవచ్చుననియు దక్షిణపు ప్రభుత్వము చాటియుండెను. రాష్ట్రములకప్పగించుట యనగా ఉరికంబమో, బానిసల సంతయో యని యర్థము. ఇది యెఱిగియే వీరు చేరిరి.

దక్షిణతీరము జేరిన పిమ్మట వీరికి దొరకిన మొదటి పని వీరోచితమైనది కాదు. జూన్ 11వ తేదీన జార్జియాలోని డేరియను పట్టణమును పై యధికారి యాజ్ఞచే దోచి తగులబెట్టిరి. ఎదిరించువా డొక్కడును లేని యూరది. షా దీనికి మిగుల రోసి తన జాబులలో ఆ చర్యను గర్హించెను. పటాలపు కీర్తి పాడువారు ఈ ఘట్టమును దాటవేయుట నేను చూచితిని. దాటవేయుట తగదు. జూలై 16వ తేదీన జేమ్సు ద్వీపమున శత్రువు హఠాత్తుగా పైబడగా ఈ పటాలమే నిలిచి పోరి, చిక్కులో పడిన కనెక్టికటు తెల్లసైనికుల దళమునకు తప్పుకొనుట కవకాశము కల్పించెను. ఆ రోజుననే వారి పరాక్రమము మొదటిసారి సైన్యమున చెప్పుకొనబడెను.

వాగ్నరు కోట సంగతి యిక చెప్పవలెను. చార్లెస్టను రేవును కాచుచు మోరిసు ద్వీపమున నీ కోట యుండెను. ఇసుకతోను, తాటిజాతి దుంగలతోను కట్టిన గోడలు. ఒకవైపు సముద్రము, ఒకవైపు బురదనేల. నడుమనున్న సన్నని యిసుకదారియే ప్రవేశమార్గము. జూలై 18వ తేదీన ఉదయము మొదలు సాయంకాలము వఱకు నేలమీది ఫిరంగులును, ఇనుపకవచపు టోడలును ఆ కోటపై గుండ్లవాన కురిపించినవి. లోపలివారందఱును చచ్చియుందురని సేనాధిపతులు తలచిరి. ఱాతిగోడ గుండు తగిలిన పగులును. ఇసుకగోడ గుండును మ్రింగివేయును. కోటలోనివారు నేలమాళిగలో దాగి నిశ్చింతగా నుండిరి.

సంజవేళ దాడికి ముందు నడచు గౌరవమును 54వ పటాలమున కిచ్చిరి. రెండు రాత్రులు నిద్రలేక, సరియైన తిండిలేక, వానలో తడిసి అప్పుడే వచ్చి చేరిన వారు వారు. సుమారు ఆఱువందలమంది నడచిరి. అలలు కాళ్ళను తడుపుచుండ ఇసుకలో పరుగెత్తి, కందకము దాటి, గోడనెక్కిరి. షా గోడపైననే గుండెకు గుండు తగిలి కూలెను. జెండా పట్టినవాడు పడిపోగా వర్జీనియాలో బానిసగా పుట్టిన సార్జెంటు విలియము కార్నీ దాని నందుకొని, గోడమీద నిలిపి, దేహమున పలు గాయములు తగిలినను నేల తాకనీయక వెనుకకు తెచ్చెను. లూయీ డగ్లసు ఆ మంటలో నిలిచి బ్రదికి వచ్చెను. వెనుక వచ్చిన తెల్లపటాలములును కోటను పట్టలేకపోయినవి. ఆ రాత్రి ఉత్తరపు పక్షమున చచ్చినవారు, గాయపడినవారు, చిక్కినవారు కలిసి పదునైదువందలకు పైబడిరి. 54వ పటాలములో పోయినవారు, గాయపడినవారు, కానరానివారు 272 మంది, దాదాపు సగము. పై యధికారులందఱును పడిపోగా కెప్టెను లూయీ ఎమీలియో యను పందొమ్మిదేండ్లలోపు కుఱ్ఱవాడు మిగిలిన వారిని కూడగట్టెను. తరువాత 1891లో ఈ పటాలపు చరిత్రను గ్రంథముగా వ్రాసినవా డతడే.

కోటవారు షా శవమును అతని నల్లసైనికుల శవములతోపాటు ఒకే గోతిలో పూడ్చిరి. అతని నవమానించితిమని వారి తలంపు. తరువాత శవమును తీయించి పంపుదుమని ఉత్తరపు సేనాధిపతులు ప్రయత్నింపగా తండ్రి వలదని వ్రాసెను. తన కుమారుడు తనతో పడినవారినడుమ నుండుటకంటె పవిత్రమైన స్థలము లేదని యాయన భావము.

ఇంకొక దుఃఖము చెప్పి ముందుకు పోయెదను. అదే వారమున, జూలై 13 మొదలు 16 వఱకు, నిర్బంధ సైనికసేవ చట్టముపై కోపించి న్యూయార్కులో తెల్లవారి మూకలు నల్లవారిని వెదకి వెదకి చంపినవి, అనాథశాలకు నిప్పుపెట్టినవి. బెర్ముడానుండి వచ్చి ఈ పటాలమున చేరిన సార్జెంటు రాబర్టు సిమ్మన్సు వాగ్నరుకోటవద్ద ఘోరముగా గాయపడి చెఱ జిక్కి ఆగస్టులో చార్లెస్టనులో చనిపోయెను. న్యూయార్కు అల్లరిలో అతని మేనల్లుడు కొట్టబడి చచ్చియుండెను. మామ యే ప్రభుత్వముకొఱకు ప్రాణమిచ్చుచుండెనో, ఆ ప్రభుత్వపు నగరముననే మేనల్లుని ప్రాణము పోయినది.

చెఱపడిన వారిలో నలుగురిని సెప్టెంబరులో చార్లెస్టనులో విచారణకు బెట్టిరి. నెల్సన్ మిచెల్ అను స్థానిక న్యాయవాది వారి పక్షమున ఫీజు పుచ్చుకొనక వాదించెను. న్యాయస్థానము తనకధికారము లేదని తేల్చెను. వారు ఉరి తప్పించుకొని ఖైదులో నుండిపోయిరి. జూలై 30వ తేదీన లింకను వెలువరించిన యాజ్ఞయు దక్షిణపువారిని కొంత వెనుకకు లాగియుండును: యుద్ధధర్మమునకు విరుద్ధముగా చంపబడిన ప్రతి సైనికునికి శత్రుసైనికు నొకనిని చంపింతుననియు, బానిసగా మార్చబడిన ప్రతివానికి ఒక శత్రుఖైదీచే కఠినశ్రమ చేయింతుననియు దాని సారము.

సభాసదులారా! వాగ్నరుకోట కథతో పలువురు చరిత్ర ముగింతురు. చలనచిత్రమును అచ్చటనే ముగిసినది. నా మతమున ఈ పటాలపు ఘనత అటుపిమ్మట మోరిసు ద్వీపపు టిసుకలో, తుపాకి కాల్పుతో నిమిత్తము లేకయే, ఏడాదికి పైగా నడచినది.

చేరునాడు వీరికి తెల్లసైనికులతో సమానముగా నెలకు 13 డాలర్లు ఇత్తుమని గవర్నరు మాట యిచ్చియుండెను. యుద్ధశాఖవారి హామీయు నుండెను. 1863 వేసవిలో జీతము పంచువాడు వచ్చి పది డాలర్లే యనెను. అందులో బట్టలక్రింద మూడు తగ్గించి ఏడు చేతిలో పెట్టుదుననెను. కారణమడుగగా 1862 జూలైనాటి చట్టమును చూపిరి. ఆ చట్టము బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి సైన్యమువద్ద కందకములు త్రవ్వు కూలివారి నుద్దేశించి చేసినది. కందకము త్రవ్విన కూలికిని, కోటగోడ నెక్కిన సైనికునికిని రంగు ఒక్కటే గనుక కూలియు నొక్కటే యని ప్రభుత్వపు తర్కము. షా మరణమునకు రెండువారములకు ముందే దీనిని ఖండించుచు, పూర్తి జీతమైన నీయవలెను, లేదా పటాలమునైన విడుదల చేయవలెనని గవర్నరునకు వ్రాసియుండెను.

సైనికులు ఆ యేడు డాలర్లను ముట్టరైరి. జీతము పంచువాడు మరల వచ్చెను, మరల నిరాకరించిరి. నవంబరులో మసాచుసెట్సు శాసనసభ తక్కువపడిన సొమ్మును తానే పూరింతునని చట్టముచేసి మనుష్యులను పంపెను. దానిని గూడ వారు వినయముగా త్రోసిపుచ్చిరి! ఇది విన్నవారు కొందఱు, సొమ్ము చేతికి వచ్చుచుండ నెవరిచ్చిన నేమి, ఇది మొండితనము గాదా యందురు. కాదు. వారు పోరాడినది ఆఱు డాలర్ల కొఱకు గాదు. రాష్ట్రము పూరించినచో జాతీయ ప్రభుత్వము దృష్టిలో వారు కూలివారుగనే నిలుతురు. తమను సైన్యమున చేర్చుకొన్న ప్రభుత్వమే తమను సైనికులని యొప్పుకొనవలెను. అప్పు తీర్చవలసినవాడు తీర్చకుండ పొరుగువాడు దయదలచి చేతిలో నేదో పెట్టినచో అది భిక్షమగును గాని ఋణము తీఱుట గాదు.

ఈ పట్టుదలకు మూల్యము వారొక్కరే చెల్లింపలేదు. ఇంటివద్ద భార్యాబిడ్డలు పస్తులుండిరి. కొందఱు అన్నసత్రముల పాలైరి. దీనాలాపములతో జాబులు వచ్చుచుండెను. యుద్ధమున గుండున కెదురొడ్డుట యొక క్షణపు ధైర్యము. బిడ్డ పస్తున్నదని వ్రాసిన జాబును జేబులో నుంచుకొని, ఎదుట లెక్కపెట్టిన సొమ్మును రెండుమాసముల కొకసారి వలదనుట మఱియొక ధైర్యము. రెండవదానికి నగారాలు మ్రోగవు.

వీరిలో జేమ్సు హెన్రీ గూడింగు అను కార్పొరలు గలడు. తిమింగలముల వేటయోడలలో పనిచేసినవాడు. రణరంగమునుండి న్యూబెడ్‌ఫర్డు పత్రికకు లేఖలు వ్రాయుచుండెడివాడు. అతడు 1863 సెప్టెంబరు 28వ తేదీన నేరుగా లింకనుకే యొక జాబు వ్రాసెను. తాము సైనికులో కూలివారో తేల్చి చెప్పుమనియు, సైనికుల పని చేసినవారికి సైనికుల జీతమేల లేదనియు అందు మర్యాద తప్పక ప్రశ్నించెను.

అందఱకును ఇట్టి యోర్పు సాగలేదు. దక్షిణ కరొలైనాలోని వేఱొక నల్లపటాలమున సార్జెంటు విలియము వాకరు తన దళముచేత అధికారి గుడారము నెదుట ఆయుధములను క్రిందపెట్టించెను. సమాన జీతము లేనిచో సేవయు లేదని యతని వాదము. తిరుగుబాటు నేరము మోపి 1864 ఫిబ్రవరి 29వ తేదీన కాల్చివేసిరి. జీతమిచ్చుటకు అతనిని సైనికుడనుటకు చట్టము దొరకని ప్రభుత్వమునకు, సైనికుడుగా కాల్చిచంపుటకు మాత్రము చట్టము దొరకెనని గవర్నరు ఆండ్రూ ఆక్షేపించెను. 54వ పటాలమువారు పని మానలేదు. పని చేయుచు, చచ్చుచు, జీతము మాత్రము పుచ్చుకొనలేదు. మన దేశమున 20వ శతాబ్దమున సత్యాగ్రహ మనిపించుకొన్న దాని లక్షణము కొంత ఇందు గలదని నాకు తోచును. చేతిలో తుపాకి యున్నవారు చేయుటచే నిది మఱియు వింత.

కోటగోడమీద కంటె ఈ తగవు వాషింగ్టను కచేరీలలో నెమ్మదిగా నడచెను. పటాలపు మతగురువు శామ్యూల్ హారిసను నల్లవాడు. అట్టి గురువునకు నెలకు నూఱు డాలర్లు రావలసియుండ, పదియే యిత్తుమనిరి. గవర్నరు ఈ వ్యవహారమును లింకను నెదుట పెట్టగా, 1864 ఏప్రిలులో అటార్నీ జనరలు బేట్సు, ఆ 1862 చట్టము కూలివారికే గాని ఇట్టివారికి వర్తింపదని యభిప్రాయమిచ్చెను.

ఈలోగా ఫిబ్రవరి 20వ తేదీన ఫ్లారిడాలోని ఒలస్టీవద్ద ఉత్తరపు సేన ఘోరముగా నోడెను. ఓడి పాఱిపోవుచున్న సేనకు వెనుక నిలిచి శత్రువు నాపినవి నల్లపటాలములే, అందిది యొకటి. మసాచుసెట్సునకు జయమనియు, నెలకు ఏడు డాలర్లకు జయమనియు కేకలు వేయుచు వీరు రంగమున దిగిరట. ఇంతటి చేదుహాస్యము చరిత్రలో తఱచుగా కానరాదు. తిరుగు దారిలో క్షతగాత్రులతో నిండిన రైలుబండి యింజను చెడిపోయి నిలిచిపోగా, నడచి నడచి కాళ్ళు బొబ్బలెక్కిన వీరే మరల వెనుకకు పోయి, త్రాళ్ళు కట్టి ఆ బండిని చేతులతో కొన్ని మైళ్ళు లాగిరి. ఆ యుద్ధమున చెఱ జిక్కినవారిలో గూడింగొకడు.

1864 జూన్ మధ్యమున కాంగ్రెసు సమానజీతపు చట్టము చేసెను. అందులోను నొక మెలిక పెట్టిరి. యుద్ధారంభమున, అనగా 1861 ఏప్రిలు 19వ తేదీనాటికి స్వతంత్రులై యుండినవారికి చేరిన దినమునుండియు, తక్కినవారికి 1864 జనవరి 1 నుండియు పూర్తి జీతమట! ఒకే వరుసలో నిలిచిన యిరువురిని మరల రెండు తెగలు చేయుట. అప్పటి కర్నలు ఎడ్వర్డు హాలొవెల్ క్వేకరు కుటుంబమునకు చెందినవాడు. అతడొక ప్రమాణమును కల్పించెను. ఆ తేదీనాటికి గాని, అంతకు పూర్వము గాని, నీచే కూలిలేని చాకిరి చేయించుకొను హక్కు ఏ మానవునికిని లేకుండెనని ప్రమాణము చేయుదువా యని ప్రతివానిని అడిగిరి. బానిసగా పుట్టినవాడును నిశ్శంకగా చేయి యెత్తెను. ద్రోణునియెదుట ధర్మరాజు పలికిన మాటవంటిది గదా యని మీరనవచ్చును. కాదని నా మనవి. ధర్మరాజు మాటలో సత్యము గొంతు తగ్గించుకొన్నది; ఇచ్చట చట్టము పలుకలేకపోయిన సత్యమును బిగ్గరగా పలికించిరి. ఆ శరత్కాలమున మొత్తము బాకీ చేతికందెను. 1865 మార్చిలో మఱియొక చట్టము తక్కిన నల్లపటాలముల బాకీలను పెక్కింటిని చక్కబఱచెను.

గూడింగు ఆ జీతమును కన్నుల చూడలేదు. చట్టమైన యైదు వారములకు, జూలై 19వ తేదీన, ఆండర్సన్‌విల్ చెఱలో చనిపోయెను.

జీతము వచ్చినను పదవి రావలసియుండెను. సార్జెంటు స్టీఫెను స్వెయిల్సును లెఫ్టినెంటుగా చేయుచు గవర్నరు 1864 మొదటనే పత్ర మిచ్చినను, నల్లవాడను కారణమున యుద్ధశాఖ నెలలకొలది మోకాలడ్డెను. 1865 జనవరిలో గాని అది స్థిరపడలేదు. మన దేశమున 19వ శతాబ్దమున సుబేదారు మేజరు ఎంత తల నెఱసినవాడైనను నిన్న వచ్చిన తెల్ల లెఫ్టినెంటునకు వంగవలసినవాడే గనుక, ఈ కథ మనవారికి వేఱుగా వివరింపనక్కఱలేదు.

తక్కిన సేవాచరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1864 నవంబరు 30వ తేదీన హనీహిల్‌వద్ద పోరిరి. 1865 ఫిబ్రవరిలో చార్లెస్టను పడినది. ఏప్రిలు 9వ తేదీన దక్షిణపు సేనాని లీ లొంగిపోయినను ఆ వార్త అందని దక్షిణ కరొలైనాలోపల, 18వ తేదీన బాయికిన్ మిల్లువద్ద వీరు తుది పోరు సల్పిరి; లెఫ్టినెంటు స్టీవెన్సు అచట పడిపోయెను. ఆగస్టు 20వ తేదీన పటాలమును సేవనుండి విడుదల చేసిరి; సెప్టెంబరు 2వ తేదీన బోస్టను వీథులలో చివరి కవాతు జరిగెను. యుద్ధము ముగియునప్పటికి ఉత్తరపు సేనలో పనిచేసిన నల్లవారు సుమారు 1,80,000. సేనలో దాదాపు పదవవంతు.

కార్నీకి శౌర్యపతకము 1900వ సంవత్సరమున వచ్చినది. జెండా పట్టిన ముప్పదియేడేండ్లకు!

షాకు స్మారకము కట్టుదమని సైనికులును, తీరప్రాంతపు విముక్తజనులును చందాలెత్తిరి. ఆ సొమ్ము కడకు చార్లెస్టనులో షా పేర నల్లపిల్లల బడికి చేరెను. బోస్టనులో శిల్పి సెంట్ గాడెన్సు పదునాలుగేండ్లు శ్రమించి చెక్కిన కంచు ఫలకము 1897 మే 31వ తేదీన ఆవిష్కరింపబడెను. గుఱ్ఱముపై నొంటిగా షాను నిలుపవలెనని మొదట తలపెట్టగా, సైనికులు లేక అతడేలయని కుటుంబమువారే యడ్డుచెప్పిరి. అందుచే శిల్పమున అతని ప్రక్క నడచుచున్న సైనికుల ముఖములు, ఏ ముఖమున కా ముఖము వేఱుగా, సజీవముగా నున్నవి. కాని వెనుకవైపు ఱాతిపై అప్పుడు చెక్కినవి పడిపోయిన తెల్లయధికారుల పేర్లు మాత్రమే. వాగ్నరుకోటను ఈలోగా సముద్రము కోసికొనిపోయినది. పూడ్చిన గోతి జాడయు లేదు. పడిపోయిన నల్లసైనికుల పేర్లను ఆ ఱాతిపై చెక్కించుట 1980ల దశాబ్దమున జరిగినది.